లెక్కకు అందని సరిహద్దు గిరాకీ

వారపు సంతలో దుప్పట్లు పరచుకొని కూర్చున్న వ్యాపారికి కొనవచ్చినవారి మనసు చదవడం వెన్నతో పెట్టిన విద్య. ఎవరు ఏ రంగును రెండుమార్లు తడిమి చూశారు, ఎవరు ధర విని పెదవి విరిచారు, ఎవరు ఏ భాషలో బేరమాడారు అన్నది ఆయన కంటిచూపుతోనే గ్రహిస్తాడు. మరుసటి వారం సరుకును అందుకు తగినట్టు సర్దుకుంటాడు. అంతర్జాలంలో తెరిచిన అంగడికి ఈ చూపు లేదు. వచ్చినవారెవరో, ఎందుకు కొనకుండా వెళ్లిపోయారో యజమానికి తెలియదు. ఈ లోటును పూడ్చడానికి పుట్టినవే సందర్శకుల జాడ తీసే ఉపకరణాలు, ఒకే పుటను రెండు రూపాలలో చూపి ఏది మేలో తేల్చే పరీక్షా సాధనాలు. ఆన్‌లైన్ అంగడికి ఇవి ఈనాడు తక్కెడ, తూనికరాళ్ల వంటివి.

అయితే తక్కెడ ఎవరిని తూస్తున్నది, ఎంత సరిగా తూస్తున్నది, ఎవరి అనుమతితో తూస్తున్నది అన్న మూడు ప్రశ్నలు సరిహద్దు గ్రామాల తెలుగు కుటుంబాలకు మిగిలినవారికన్నా ఎక్కువగా సంబంధించినవి. ఏ భాషలో అంగడి నడపాలి, ఏ ఊరికి సరుకు పంపాలి, ఏ పండుగకు తగ్గింపు ఇవ్వాలి అన్న నిర్ణయాలన్నీ ఆ లెక్కల నుంచే వెలువడుతున్నాయి. లెక్కకు అందనివారికి ఆ అంగడిలో చోటు దొరకదు.

జాడ తీసే విధం

ఈ ఉపకరణాల పని బ్రహ్మవిద్య ఏమీ కాదు. అంగడి పుటలో కొన్ని వాక్యాల ప్రోగ్రామును చేరుస్తారు. పుట తెరిచిన ప్రతి ఫోను నుంచి అది కొన్ని వివరాలు సేకరిస్తుంది. వచ్చినవారు గూగుల్‌లో వెదికి వచ్చారా, వాట్సాప్ లంకె పట్టుకొని వచ్చారా, ఏ వస్తువును చూశారు, ఎంతసేపు ఉన్నారు, బుట్టలో వేసుకొని కూడా డబ్బు చెల్లించే మెట్టు దగ్గర ఎందుకు ఆగిపోయారు అన్నవి అందులో ముఖ్యం. ఫోను రకం, ఫోనులో ఎంచుకున్న భాష, సుమారుగా ఏ ప్రాంతం అన్నవి కూడా నమోదవుతాయి.

ఒకసారి వచ్చినవారు మళ్లీ వస్తే గుర్తుపట్టడానికి ఫోనులోనే ఒక చిన్న గుర్తును దాచి ఉంచుతారు. దానినే కుకీ అంటారు. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ దీనిని రూపొందించారు. బుట్టలో వేసుకున్న సరుకును అంగడి గుర్తుంచుకోవడం ఎలా అన్న సమస్యకు పరిష్కారంగానే అది పుట్టింది. తరువాతి కాలంలో అదే మనుషుల వెంట అంగడి నుంచి అంగడికి తిరిగే గూఢచారిగానూ మారింది.

2005లో గూగుల్ సంస్థ అర్చిన్ అనే కంపెనీని కొని, అదే సంవత్సరం నవంబరులో గూగుల్ అనలిటిక్స్‌ను ఉచితంగా అందించడంతో ఈ విద్య చిన్న వ్యాపారికి కూడా అందివచ్చింది. 2007లో పివిక్ పేరుతో మొదలై 2018లో మటోమోగా పేరు మార్చుకున్న ఉపకరణాన్ని వ్యాపారి తన సొంత సర్వరులోనే నడుపుకోవచ్చు. కొనుగోలుదారుల వివరాలు పరాయి కంపెనీ చేతికి పోవు. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ క్లారిటీ, పుటలో ఏ భాగాన్ని ఎక్కువమంది తాకారో రంగుల పటంగా చూపిస్తుంది. వూకామర్స్, షాపిఫై వంటి అంగడి వ్యవస్థలకు ఇటువంటివి తగిలించడం గంటలో ముగిసే పని.

రెండు మడుల పరీక్ష

జాడ తీయడం ఏమి జరిగిందో చెబుతుంది. ఎందుకు జరిగిందో చెప్పదు. అందుకు రెండవ సాధనం కావాలి. దానికి స్ప్లిట్ టెస్టింగ్ అనీ, ఏ-బీ పరీక్ష అనీ పేరు. వచ్చినవారిలో చీటీ వేసినట్టుగా సగం మందికి పాత పుటను, సగం మందికి కొత్త పుటను చూపుతారు. ఎవరికి ఏది చూపాలన్నది యజమాని ఇష్టం కాదు, కేవలం యాదృచ్ఛికం. కొంతకాలం తరువాత ఏ సగంలో ఎక్కువమంది కొన్నారో లెక్క చూస్తారు.

రైతుకు ఇది కొత్త సంగతి కాదు. కొత్త వేరుశనగ విత్తనం వస్తే పొలమంతా చల్లక, ఒక మడిలో పాతది, పక్క మడిలో కొత్తది వేసి చూడడం పల్లెలలో ఎరిగినదే. ఈ పరీక్షకు శాస్త్రరూపం వచ్చినది కూడా పొలంలోనే. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన రోనాల్డ్ ఫిషర్, ఏ మడికి ఏ విత్తనం అన్నది మనిషి ఎంచుకోరాదని, చీటీకి వదలాలని సిద్ధాంతీకరించారు. మంచి నేలను తెలియకుండానే కొత్త విత్తనానికి కేటాయించే పక్షపాతం అప్పుడే తొలగుతుంది.

ఆ ఫిషర్ వద్ద కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందిన గణాంకవేత్త సరిహద్దు తెలుగువాడు కావడం ఇక్కడ స్మరించదగినది. కల్యంపూడి రాధాకృష్ణారావు, అనగా సి.ఆర్.రావు, 1920లో నాటి బళ్లారి జిల్లా హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆ ఊరు నేడు కర్ణాటకలోని విజయనగర జిల్లాలో ఉన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. 1940వ దశకంలో ఆయన ప్రతిపాదించిన ఆర్థోగొనల్ అరేస్ అనే పట్టికలు, అనేక అంశాలను ఒకేసారి పరీక్షించవలసి వచ్చినప్పుడు శ్రమను తగ్గిస్తాయి. అంగడి పుటలో బొమ్మ, ధర రాసే చోటు, వివరణ, మీట మీది మాట అని నాలుగు అంశాలుండి, ఒక్కొక్కదానికి మూడేసి రూపాలుంటే మొత్తం 81 కలయికలు అవుతాయి. ఒక అంశం మరొకదానిని పెద్దగా ప్రభావితం చేయదనుకుంటే, అటువంటి పట్టిక సాయంతో 9 కలయికలతోనే ప్రతి అంశం బలాన్నీ అంచనా వేయవచ్చు. 102 సంవత్సరాలు జీవించి 2023 ఆగస్టులో కన్నుమూసిన ఆయన మేధ ఫలం నేటి అంగళ్ల పరీక్షలలోనూ పనికివస్తున్నది.

సరిహద్దు వద్ద తప్పే గురి

సాధనం గొప్పదే. కాని సరిహద్దు జిల్లాలకు వచ్చేసరికి దాని గురి తప్పుతున్నది. ఉపకరణం మనిషిని చూడదు, ఫోనును చూస్తుంది. ఊరిని నేరుగా చూడదు, ఫోనుకు ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన సంఖ్యను బట్టి ఊహిస్తుంది. మొబైల్ ఇంటర్నెట్‌లో ఆ సంఖ్య తరచు కంపెనీ ప్రధాన కేంద్రం ఉన్న నగరాన్నే చూపిస్తుంది. హోసూరు పక్క పల్లెలో కూర్చుని చూసినవారు చెన్నైవాసిగా నమోదు కావచ్చు. బళ్లారి పల్లెవాసి బెంగళూరు ఖాతాలో పడవచ్చు.

అక్కడి నుంచి తప్పు మీద తప్పు పేరుకుంటుంది. తమిళనాడు అంటే తమిళం, కర్ణాటక అంటే కన్నడం, ఒడిశా అంటే ఒడియా, మహారాష్ట్ర అంటే మరాఠీ అని అంగడి తీర్మానిస్తుంది. తెలుగు పుటను పరీక్షించాలనుకున్న వ్యాపారి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సందర్శకులకే దానిని చూపిస్తాడు. బరంపురం, షోలాపురం తెలుగువారు ఆ పరీక్షలోకే రారు. ఏడాది చివర నివేదికలో ఒడిశా నుంచి తెలుగు పుటకు గిరాకీ లేదని తేలుతుంది. చూపనిదాన్ని ఎవరు కొంటారు? నీరు పెట్టని మడిలో పైరు ఎండిందని విత్తనాన్ని నిందించినట్టున్నది ఈ వ్యవహారం.

యానాం ఉదాహరణ మరీ విచిత్రమైనది. పరిపాలన రీత్యా అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. పిన్‌కోడు మాత్రం 533464, అనగా ఆంధ్ర వరుసలోనిది. రాష్ట్రం పేరు చూసే అంగడి అక్కడివారికి తమిళం చూపవచ్చు; పిన్‌కోడు చూసే అంగడి తెలుగు చూపవచ్చు. ఒకే ఇంటివారు ఒకే వస్తువును రెండు అంగళ్లలో చూస్తే రెండు భాషలు ఎదురుకావచ్చు. ఇంటిలో మాట్లాడేది మాత్రం ఒక్కటే భాష.

ఫోనులో ఎంచుకున్న భాష మరొక కొలమానం. అది కొంత మెరుగు. కాని సరిహద్దు పల్లెలలో ఎక్కువమంది ఫోనును కొన్ననాటి ఇంగ్లీషులోనే వదిలివేస్తారు. ఉపకరణం వారిని ఇంగ్లీషు కోరినవారిగా రాసుకుంటుంది. ఫ్లిప్‌కార్ట్ 2020 జూన్‌లో, అమెజాన్ అదే ఏడాది సెప్టెంబరులో తెలుగును చేర్చాయి. వాటిని తెలుగులో చూడడానికి ఏ రాష్ట్రంలో ఉన్నారన్నది అడ్డు కాదు, ఎంచుకోవడమే కావలసినది. ఎంచుకున్న ప్రతి ఫోనూ లెక్కలో ఒక తెలుగు చేతివేలుగా నమోదవుతుంది.

ఇక్కడ ఒక నిజాన్ని దాచరాదు. పక్క రాష్ట్ర భాషలో బడి చదువు చదివిన యువతలో అనేకులు తెలుగు చక్కగా మాట్లాడుతారు, చదవలేరు. వారికి తెలుగు లిపి పుట మేలు చేస్తుందా, కన్నడ లిపి పుటకు తెలుగు మాటల ఆడియో జోడిస్తే మేలా, బొమ్మలు పెంచి అక్షరాలు తగ్గిస్తే మేలా అన్నది ఎవరూ ఊహించి చెప్పలేరు. స్ప్లిట్ పరీక్ష తేల్చదగిన ప్రశ్న సరిగ్గా ఇటువంటిదే.

చిన్న అంగడికి అంకెల ఉచ్చు

షోలాపురంలో మరమగ్గాల మీద దుప్పట్లు నేసే పద్మశాలీ కుటుంబం ఒకటి సొంతంగా ఆన్‌లైన్ అంగడి తెరిచిందని భావించవచ్చు. పరీక్షా ఉపకరణాలు అమ్మేవారు ఆ కుటుంబంలోని కుర్రవాడికి అమ్మకాలు రెట్టింపవుతాయని ఆశ చూపుతారు. నెలనెలా అద్దె చెల్లించే ముందు అతడు ఒక చిన్న లెక్క చేసుకోవలసి ఉన్నది.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలునన్నది సామెత. కుండలోని బియ్యమంతా ఒకే నీటిలో ఒకే మంట మీద ఉడుకుతుంది గనుక అక్కడ ఆ మాట చెల్లుతుంది. కొనుగోలుదారులు మెతుకులు కారు. ఒకరు జీతం వచ్చిన రోజున వస్తారు, ఒకరు పెళ్లి ముహూర్తం ముందు వస్తారు, ఒకరు ఊరికే చూసిపోతారు. ఈ తేడాలను దాటి పుట ప్రభావం మాత్రమే కనబడాలంటే చాలామంది రావాలి.

అంగడికి వచ్చిన ప్రతి 1,000 మందిలో 20 మంది కొంటున్నారనుకుంటే, కొత్త పుట వలన అది 25కు పెరిగిందా అని గణాంక శాస్త్రం ఒప్పే రీతిలో తేల్చడానికి ఒక్కొక్క పుటకు సుమారు 14,000 మంది కావాలి. రెండింటికీ కలిపి 28,000. రోజుకు 100 మంది వచ్చే అంగడికి 280 రోజులు పడుతుంది. ఈలోగా ఉగాది, దసరా, దీపావళి, చలికాలం అన్నీ గడచిపోతాయి. పరీక్షకు అర్థమే ఉండదు. అదే 20 నుంచి 40కి పెరిగేంత పెద్ద మార్పయితే ఒక్కొక్క పుటకు సుమారు 1,150 మంది చాలు. 23 రోజులలో తేలుతుంది. కనుక చిన్న అంగడి మీట రంగుల వంటి చిల్లర మార్పులను పరీక్షించడం వృథా ప్రయాస. రవాణా ఖర్చును ధరలోనే కలిపి చూపడం, సరుకు చేరాక డబ్బు తీసుకోవడం, తెలుగులో వివరణ ఇవ్వడం వంటి పెద్ద మార్పులనే పరీక్షకు పెట్టాలి.

రోజూ లెక్క చూసి, కొత్త పుట ముందంజలో ఉన్న రోజున పరీక్ష ఆపివేయడం మరొక పొరపాటు. బొమ్మా బొరుసా ఆటలో కూడా నడుమ ఎక్కడో ఒకచోట బొమ్మలే ఎక్కువగా పడతాయి. ఎంతమందితో ఆపాలో ముందే నిర్ణయించుకొని, నిండు వారాల లెక్కన నడపడమే పద్ధతి. అసలు తేడాయే లేని 20 పరీక్షలు జరిపినా సగటున ఒకదానిలో, నూటికి అయిదు వంతుల పొరపాటును అనుమతించే మామూలు కొలత ప్రకారం, గెలుపు కనిపిస్తుంది. ఉపకరణం మీది నమ్మకాన్ని పరీక్షించడానికి ఒక తేలిక మార్గమున్నది. రెండు సగాలకూ ఒకే పుటను చూపాలి. అప్పుడు కూడా అది తరచు విజేతను ప్రకటిస్తే దోషం తక్కెడదే.

ఉచితమని నమ్మి ఒకే సాధనం మీద ఆధారపడడం కూడా క్షేమం కాదు. ఎందరో చిన్న వ్యాపారులు వాడుకున్న గూగుల్ ఆప్టిమైజ్ 2023 సెప్టెంబరుతో మూతపడింది. అదే సంవత్సరం జూలైలో అనలిటిక్స్ పాత రూపం కొత్త లెక్కలు తీసుకోవడం మానివేసింది. పాత లెక్కలను విడిగా భద్రపరచుకోనివారు చేతులు కాలాక ఆకులు పట్టుకోవలసి వచ్చింది.

గెలిచినదల్లా న్యాయమైనది కాదు

పరీక్ష ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది: ఎక్కువమంది కొన్నారా, లేదా? సంతోషంగా కొన్నారా, భయపడి కొన్నారా అన్నది దానికి తెలియదు. ఇంకా రెండే మిగిలాయని అబద్ధం రాసిన పుట గెలవవచ్చు. అడగని వస్తువును బుట్టలో చేర్చిన పుట ఇంకా ఎక్కువ గెలవవచ్చు. మోసం కూడా అంకెలలో విజయంగానే కనబడుతుంది.

ధరల విషయంలో ఈ ప్రమాదం తొలినాళ్లలోనే బయటపడింది. 2000 సెప్టెంబరులో అమెజాన్ ఒకే డీవీడీని వేర్వేరు వ్యక్తులకు వేర్వేరు ధరలకు చూపి పరీక్షించినట్టు కొనుగోలుదారులు పసిగట్టారు. నిరసన రేగడంతో సంస్థ 6,896 మందికి సగటున 3.10 డాలర్ల చొప్పున తిరిగి చెల్లించింది. అధిపతి జెఫ్ బెజోస్ ఆ పరీక్ష పొరపాటని అంగీకరించారు. యాదృచ్ఛికంగానే ధరలు మార్చామని సంస్థ చెప్పినా కొన్నవారి మనసు శాంతించలేదు. పక్కింటివారికి తక్కువకు వచ్చినదని తెలిసిన తరువాత అంగడి మీద నమ్మకం నిలవడం కష్టం.

భారతదేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇటువంటి 13 రకాల మాయోపాయాలను నిషేధిస్తూ మార్గదర్శకాలు జారీ చేసింది. లేని తొందర కల్పించడం, చెప్పకుండా బుట్టలో సరుకు చేర్చడం, వద్దన్నవారిని సిగ్గుపరిచే మాటలు రాయడం, చివరి మెట్టు దాకా అసలు ధర దాచడం అందులో ఉన్నాయి. పరీక్షలో గెలిచిందన్నది వీటికి సమర్థన కాజాలదు.

చట్టం ఇచ్చిన ఊతం

కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్.పుట్టస్వామి వేసిన వ్యాజ్యంలో, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ బాటలోనే 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అంగళ్లు, కంపెనీలు పాటించవలసిన ముఖ్య బాధ్యతలకు ఆ ప్రకటన 18 నెలల గడువు ఇచ్చింది.

ఈ చట్టంలో సరిహద్దు కుటుంబాలు గుర్తుంచుకోదగిన నియమాలు మూడున్నాయి. మొదటిది భాషకు చెందినది. వివరాలు సేకరించడానికి అంగీకారం కోరేటప్పుడు ఆ కోరికను ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో కోరుకున్న దానిలోగాని చదువుకొనే వీలు కల్పించాలి. చట్టం నివసించే రాష్ట్రాన్ని అడగలేదు. గంజాం జిల్లాలోని తెలుగు కుటుంబానికైనా, కృష్ణగిరి జిల్లాలోని కుటుంబానికైనా తెలుగులో చదివి అవుననో కాదనో చెప్పే హక్కు సమానమే. రెండవది, ఇచ్చిన అంగీకారాన్ని ఇచ్చినంత సులభంగానే వెనుకకు తీసుకోవచ్చు. మూడవది, 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల లేదా సంరక్షకుల అనుమతి కావాలి. పిల్లల జాడ తీయడం, వారి ప్రవర్తనను గమనించడం, వారిని గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదు. తల్లిదండ్రుల ఫోనునే పిల్లలు వాడే ఇళ్లలో ఈ నియమం కాగితం మీద నిలిచినంత సులభంగా ఆచరణలో నిలవదు. కనుక పెద్దల జాగ్రత్తే ప్రధానం.

కర్తవ్యం

అంగడి నడిపే సరిహద్దు యువకులు రాష్ట్రాన్ని బట్టి భాషను ఊహించడం మానాలి. మొదటి పుటలోనే ఏ భాషలో చూడదలచారని అడగడానికి ఏ ఉపకరణమూ కొననక్కరలేదు. వచ్చిన ఆర్డర్లను పిన్‌కోడు, ఎంచుకున్న భాష అనే రెండు వరుసలలో రాసుకుంటే నెల తిరిగేసరికి దారి కనబడుతుంది. సందర్శకులు తక్కువైన అంగడికి, కొన్నవారిలో పదిమందికి, వారి అనుమతితో, ఫోను చేసి మాట్లాడడం ఖరీదైన పరీక్షకన్నా ఎక్కువ నేర్పుతుంది. సేకరించే వివరాలు ఎంత తక్కువయితే కాపాడవలసిన భారం అంత తక్కువ.

కొనే కుటుంబాలు ఫోనులో, అంగడి యాప్‌లో తెలుగును ఎంచుకోవాలి. ఇంటిలో తెలుగు చదివేవారు ఒక్కరున్నా ఆ పని చేయవచ్చు. అక్కరలేని కుకీలకు కాదని చెప్పడానికి వెనుకాడనవసరం లేదు. అలా చెప్పినంత మాత్రాన సరుకు అమ్మననే అంగడిని అనుమానించవలసిందే. మోసపు ఎత్తుగడలు ఎదురైతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు తెలుగులోనే ఫిర్యాదు చేయవచ్చు.

రాష్ట్రాల హద్దులు గీసిన నాడు సరిహద్దు తెలుగువారు ఏ లెక్కలో పడాలన్నది ఇతరులు నిర్ణయించారు. అంగడి లెక్కలో మాత్రం తమ భాషను తామే రాయించుకొనే వీలు ఉన్నది. తమను లెక్కించనివ్వాలా వద్దా అన్న నిర్ణయం కూడా వారిదే. ఆ రెండింటినీ వాడుకోకపోతే, సరిహద్దులో తెలుగుకు గిరాకీ లేదన్న నివేదిక మరుసటి ఏడాది కూడా అచ్చంగా అలాగే వస్తుంది.